పాలపళ్ళెం దగ్గర చివరి షాటు

దయ్యాల కబుర్లు మొదలవగానే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకం నేను. నాకు వాటి మీద ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

కాకినాడలో ఇంటి దగ్గరే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. సుధ, నేను ఒకే స్టూడియోలో పని నేర్చుకున్నాం. పేరు మాత్రం తనకే వచ్చింది. పోయినేడాది జ్వరంతో సుధ చనిపోయింది. ఇకనైనా నా వంతు వస్తుందనుకున్నాను, సిగ్గు లేకుండా. రాలేదు. వచ్చిన ప్రతి పార్టీదీ ఒకటే మాట: "సుధగారు చేసినట్టుండాలండి."

పెళ్ళికూతురు కారెక్కాక సుధ వీడియో ఆపేది కాదు. వెనక మిగిలిపోయిన వాళ్ళలో ఒకరిని చూపించి, పాట తీసేసి, ఉత్త చప్పుళ్ళతో ముగించేది. నాకది చాదస్తంలా అనిపించేది. అది చూసి జనం కళ్ళు తుడుచుకుంటుంటే ఒళ్ళు మండేది. నేనైతే కారు వీధి మలుపు తిరగడంతో, పాట మీదే ముగిస్తాను.

మొన్నటి వేసవిలో ద్రాక్షారామం పెళ్ళి ఒకటి చేశాను. ఫైలు మరీ పెద్దది. మధ్యలో కరెంటు పోయి ఆగి ఆగి, మొత్తానికి అప్‌లోడ్ అయింది. పంపేముందు అలవాటు ప్రకారం చివరిదాకా చూసుకున్నాను. లింకు పెళ్ళికూతురి తల్లి లక్ష్మిగారికి పంపాను.

సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు. "చివర్లో పాలపళ్ళెం దగ్గర మా ఆయన్ని పెట్టారు చూడండి, అదే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. ఆయన ఏడ్చారని నాకే తెలీదండి."

అలాంటి షాటు నేను పెట్టలేదు. అదే లింకు తెరిచి నేనూ డౌన్‌లోడ్ చేసి చూశాను. కారు మలుపు తిరిగింది, వీడియో అయిపోయింది.

మర్నాడు బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ టీవీలో కారు మలుపు తిరగగానే పాట ఆగింది. ఖాళీ పందిట్లో లక్ష్మిగారి భర్త ఒక్కరే ఉన్నారు. అప్పగింతలప్పుడు కూతురి చేతులు ముంచిన పాలపళ్ళెం ముందు కూర్చుని, ఒలికిన పాలు కండువాతో తుడుస్తున్నారు. తుడుస్తూ తుడుస్తూ అదే కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎక్కడ ఆపాలో సరిగ్గా అక్కడ ఆగింది. నాకు భయం కన్నా ముందు ఉక్రోషం వచ్చింది, ఇంత బాగా నాకెందుకు చేతకాదని.

"అప్పుడక్కడ ఎవరూ లేరమ్మా," అన్నారాయన, నా పక్కనే కూర్చుని టీవీ చూస్తూ, నెమ్మదిగా. "అందరూ కారు దగ్గరే ఉన్నారు."

మా కెమెరా వాళ్ళిద్దరూ అదే చెప్పారు. కెమెరాల మెమరీ కార్డులన్నీ వెతికాను, ఎందులోనూ ఆ షాటు లేదు. వాళ్ళ ఫైలూ నా ఫైలూ పక్కపక్కన పెట్టి చూస్తే సైజు ఒకటే.

"ఇది నేను చేసింది కాదండీ" అని లక్ష్మిగారితో ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ నవ్వి నా చెయ్యి పట్టుకున్నారు. "మీకు మరీ మొహమాటమండి. మా అక్క కూతురి పెళ్ళికి సుధగారే చేశారు. ఆవిడ కూడా ఇంత బాగా చెయ్యలేదు."

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. సుధను మించిపోయానన్న మాట వినాలని ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. తీరా విన్నాక, అది కూడా సుధ చేసిందేనేమోనని బస్సులో ఇంటికొచ్చేదాకా కుళ్ళుకుంటూనే ఉన్నాను.