గోడల్లేని మండపంలో ఒక పరిశోధన

2016 మార్చి 14, సోమవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. ఇండోనేషియాలో జోగ్జకార్తా నగరానికి ఉత్తరాన ఉన్న మా అంతర్జాతీయ పాఠశాలలో రెండు తరగతుల మార్కులు ఒకే కాగితం మీదికి చేరాయి. ప్రధానాచార్యుడు పాక్ విర్యాత్మో (పాక్ అంటే మా దగ్గర అయ్యగారు) వాటిని మూడుసార్లు కూడి, నాలుగోసారి భౌతికశాస్త్రం బోధించే నాచేత కూడించాడు. మొత్తాలు మారలేదు.

విర్యాత్మో పదిహేడేళ్లు గమెలాన్ అనే జావా సంప్రదాయ వాద్యబృందంలో డోలు వాయించినవాడు. ఆ బృందానికి ఎదుట నిలబడి చెయ్యి ఊపేవారెవరూ ఉండరు. కంచు పలకలూ, గంటలూ, చివర పెద్ద జేగంటా డోలును విని నడుస్తాయి. తర్వాత బోధనాశాస్త్రం చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చాడు. బడి నడపడం ఆయనకు తేలికగానే అబ్బింది. ఎవరు తొందరపడుతున్నారో, ఎవరు వెనకబడుతున్నారో తల ఎత్తకుండానే తెలిసేది.

పాలకవర్గం గమెలాన్ పీరియడ్ తీసేసి కంప్యూటర్ పీరియడ్ పెట్టదలచింది. ఆయన ఏడాది గడువు అడిగాడు. ఎదుటివారిని కనిపెట్టి వినే సామర్థ్యానికి నలభై మార్కుల పరీక్ష తయారుచేశాడు. గమెలాన్ నేర్చిన తరగతి నేర్వని తరగతికంటే సగటున నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే పీరియడ్ ఉంటుంది, లేకుంటే పోతుంది. ఆయన డాక్టరేటు అంశం కూడా అదే.

తరగతికి ఇరవై నాలుగు మంది, వయసులు సమానం. వెలుతురూ, ఉక్కా కూడా సమానంగా ఉండాలని నేర్వని తరగతిని వాద్యమండపం పక్క గదిలోనే కూర్చోబెట్టాడు. మండపానికి గోడలు లేవు. జేగంటకూ ఆ గది కిటికీకీ మధ్య దూరం పదకొండు మీటర్లు.

నేర్చిన తరగతి సగటు 31.6. నేర్వని తరగతి సగటు 31.2.

పిల్లలకు గమెలాన్ నేర్పే కర్సోనో తాత సగటులు విన్నాడు గానీ, ఆ కాగితం వైపు చూడనైనా లేదు.

"నీకెవరు నేర్పారు, పాక్?"

"ఎవరూ నేర్పలేదు తాతా. మీ జేగంట వెనక కూర్చునేవాణ్ణి."

"ఎన్నేళ్లు?"

"ఆరు."

"మరి ఈ పిల్లలెక్కడ కూర్చున్నారు?"

విర్యాత్మో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అన్ని చదువులూ చదివావు. కిటికీ మూసే చదువొక్కటే మిగిలిపోయినట్టుంది" అన్నాడు తాత. "నేర్వనివాళ్ల ముప్పై ఒకటిని ఇరవై ఏడు చేసెయ్యి. ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను తాతా."

నివేదికలో సగటులు రెండూ రాశాడు. కిటికీ సంగతీ, ఆ పొరపాటు తనదేననీ రాశాడు. పాలకవర్గ అధ్యక్షురాలు బు హెంద్రావతి (బు అంటే అమ్మగారు) దాన్ని ఆసాంతం చదివి సమావేశానికి వచ్చింది, అది అరుదు.

"అంటే పాక్, పీరియడ్ లేకుండానే పిల్లలకు వచ్చేసిందన్నమాట."

"పక్కన వాయిస్తుంటే వచ్చింది, బు."

"వచ్చిందిగా. ఇంక పీరియడ్ దేనికి?"

సభ్యులు చిరునవ్వుతో తలలూపారు. నిండు సభలో కాదనడం మావాళ్లకు చేతకాదు. విర్యాత్మో కూడా తలూపాడు.

నేర్పకుండానే పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న దానిపై ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి డాక్టరేటు వచ్చింది. ఉపన్యాసానికి మూడు దేశాలు పిలిచాయి. తర్వాతి విద్యాసంవత్సరంలో మా బడి గమెలాన్‌కు వారానికి కేటాయించిన నిమిషాలు: 0.