మనవరాలికి అరవడం నేర్పిన ఎండాకాలం

పోయిన సోమవారం గొంతు చూపించుకోవడానికి వెళ్తే, డాక్టరమ్మ నా నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూసి, ఏం పని చేసేవారని అడిగింది. అరిచేవాణ్ణని చెప్పాను. ఆమె నవ్వింది గానీ నేను వేళాకోళం ఆడలేదు. మదనపల్లె టమోటా మార్కెట్ యార్డులో ముప్పై రెండేళ్ళు వేలం పిలిచినవాణ్ణి. దాన్ని అరవడం కాక ఇంకేమంటారు? పది రోజులు నోరు మెదపవద్దని, గుసగుసలు కూడా పనికిరావని ఆమె గట్టిగా చెప్పి పంపింది. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంటామె ముఖం వెలిగిపోతోంది. ఏదైనా కావాలంటే రాసి చూపించమని రెండువందల పేజీల నోటుబుక్కు కొనిపెట్టింది. చారులో ఉప్పు ఎక్కువైందని నేను రాసి ముగించేలోపు ఆమె గిన్నె తీసుకుని వెళ్ళిపోతోంది. ఇంత పెద్ద పుస్తకాన్ని ఉప్పూ పులుపులతో నింపడం ఎందుకని, నిరుడు ఎండాకాలం మా మనవరాలికి అరవడం నేర్పిన సంగతి ఇందులో రాసుకుంటున్నాను.

మా వంశంలో గొంతు పెద్ద ఆస్తి. మాది గుర్రంకొండ దగ్గర మెట్ట సేద్యం. మా నాయన ఇవతలి గట్టు మీద నిలబడి పిలిస్తే మూడో చేనులో ఎద్దులు తల ఎత్తేవి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా టమోటాలు వేసుకుని యార్డుకు వస్తే, ఆ రోజు వేలం పిలిచే మనిషికి జ్వరం. నేను లారీ డ్రైవరుతో గొడవపడుతుంటే మండీ యజమాని విని, ఆ గొడవేదో ఇటొచ్చి పెట్టుకోమన్నాడు. అలా దొరికింది ఉద్యోగం. వేలం పిలవడమంటే ఊరికే ధర అరవడం కాదు. క్రేట్ల వరుసల మధ్య నడుస్తూ, వెనక రైతు ఊపిరి బిగబట్టుకుని వస్తుంటే, ముందున్న పాతికమంది వ్యాపారుల కళ్ళు చూస్తూ పోవాలి. వాళ్ళు నోరు విప్పరు. ఒకడు కనుబొమ్మ ఎత్తుతాడు, ఒకడు తువ్వాలు చాటున వేలు ఆడిస్తాడు. మాటంతా మనదే. మధ్యలో ఖాళీ ఇచ్చామా, వ్యాపారికి ఆలోచన వస్తుంది. ఆలోచన వచ్చిందంటే రైతుకు నష్టం. అందుకని నేను ఊపిరి తీసుకునేది కూడా ఎవరికీ తెలియకుండా తీసుకునేవాణ్ణి. ఈ విద్యలో నన్ను మించినవాడు ఆ యార్డులో లేడని నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. చెప్పాల్సిన వ్యాపారుల్లో సగం మంది పోయారు.

ఈ గొంతు నా కూతురికి రాలేదు, ఆమె కూతురికి వచ్చింది. వాళ్ళుండేది పుంగనూరులో. ఆ పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో ఏడుపు విని మగపిల్లవాడు కాబోలని అనుకున్నారట. పెరిగేకొద్దీ ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడమనేవాళ్ళే. మా అల్లుడు పట్టుగూళ్ళ వ్యాపారం చేస్తాడు, నెమ్మదైన మనిషి. పక్కింటివాళ్ళు వింటారని పిల్లను ఎప్పుడూ అదుపు చేసేవాడు. హైస్కూల్లో ఖోఖో జట్టులో ఆమె పేరైతే ఉండేది గానీ, ఎప్పుడూ బయట కూర్చునే ముగ్గురిలోనే ఉండేది. ఊరికే కూర్చోవడం చేతగాక గీత పక్కన నిలబడి అరిచేది. డ్రిల్లు మేడమ్ ఒక సంగతి గమనించింది. ఈ పిల్ల అరిచిన రోజు చూడవచ్చిన పిల్లలందరూ అరుస్తున్నారు, అందరూ అరిచిన రోజు ఆడేవాళ్ళు ఇంకొంచెం పరిగెత్తుతున్నారు. ఇంకో ఏడుగురిని కలిపి, రంగు కాగితాల కుచ్చులు చేతికిచ్చి, ఒక చీర్ జట్టు కట్టించింది. ఆటలో దొరకని చోటు ఆ పిల్లకు ఆట పక్కన దొరికింది. ఆ స్కూల్లోనే ఇంటరు ముగిసేదాకా జట్టుకు తనే లీడరు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఆమె మెడ కాస్త పొడవైనట్టు కనిపించేది.

డిగ్రీకి కుప్పంలో ఒక కాలేజీలో సీటు వచ్చింది. ఆ కాలేజీకి పన్నెండు మంది ఆడపిల్లల చీర్ జట్టు ఉంది. పోటీలకు తమ ఆటగాళ్ళతోపాటు బెంగళూరు దాకా వెళ్ళి వస్తారట. కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే పోటీ పెట్టి కొత్తవాళ్ళను తీసుకుంటారు. నిరుడు ఖాళీలు మూడే. మా అల్లుడు నెమ్మదైనవాడే గానీ మాటంటే మాటే. ఒక్కసారి పోటీకి పో, పేరు వస్తే మూడేళ్ళూ నీ ఇష్టం, రాకపోతే ఆ కుచ్చులు పెట్టెలో పెట్టి మళ్ళీ వాటి ఊసెత్తవద్దని చెప్పాడు. పిల్ల ఒప్పుకుంది. ఒప్పుకుని, బట్టల సంచీ సర్దుకుని బస్సెక్కి మదనపల్లెలో మా ఇంటికి వచ్చేసింది. చెప్పులు విడవకముందే విషయం చెప్పింది. "తాతా, పది నిమిషాలకే నా గొంతు పగిలిపోతాండాది. నువ్వు పొద్దన్నుంచి మద్యాన్నం దాకా పిలిచేవాడివి కద. అది నాకు నేర్పియ్యి." అన్నేళ్ళలో నా దగ్గర ఏదైనా నేర్చుకోవాలని ఎవరూ రాలేదు. నేను పొంగిపోయాను. దాచుకోవడం ఎందుకు?

మర్నాడు తెల్లవారగానే పాఠం మొదలుపెట్టాను. మిద్దె మీద చాప పరిచి, ఆమెను వెల్లకిలా పడుకోమని, పొట్ట మీద చిన్న గుమ్మడికాయ పెట్టాను. ఊపిరి తీస్తే కాయ లేవాలి, భుజాలు లేవకూడదు. మొదటి రోజే కాయ దొర్లి మెట్ల మీదుగా కిందికి పోయింది. ఆ మధ్యాహ్నం అది పులుసైంది, మరుసటి రోజుకు ఇంకోటి తెచ్చాను. ఫ్రిజ్‌లో నీళ్ళు మాన్పించాను. గొంతుతో కాదు పొట్టతో అరవాలని, దగ్గరివాణ్ణి కాక అందరికంటే దూరంగా ఉన్నవాడి నుదురు చూడాలని, మాట చివర మింగకూడదని రోజూ చెప్పిందే చెప్పాను. వారం తర్వాత యార్డుకు తీసుకువెళ్ళాను. లారీల హారన్లు, హమాలీల కేకలు, క్రేట్లు దించే చప్పుడు, పగిలిన కాయల పులిసిన వాసన. అంత రొదలో ఈ చివర నేను, ఆ చివర ఆమె. నాకు వినబడేదాకా పిలవాలి. నా కాలం నాటి వ్యాపారి, ఒక సాయిబు, ఆగి చూశాడు. "ఏందప్పా, నీ పాప ఏం అమ్ముతాండాది?" అని అడిగాడు. ఏమీ అమ్మడం లేదు, ఆటగాళ్ళకు ధైర్యం చెప్పడం నేర్చుకుంటోందన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అదీ మంచి సరుకేనని ఒప్పుకుని, ఎర్రటి కాయ ఒకటి తుడిచి పిల్ల చేతిలో పెట్టాడు.

ఎగరడాలూ గంతులూ నాకు తెలియవు. అవి ఫోను చూసి తనే నేర్చుకుంది. మా ఇంటామె ఎరుపూ పసుపూ ప్లాస్టిక్ రిబ్బన్లు చీల్చి కొత్త కుచ్చులు కట్టి ఇచ్చింది. సాయంత్రాలు చిక్కుడుకాయలు ఒలుస్తూ, పిల్ల పాదాలు రెండూ ఒకేసారి నేల తాకుతున్నాయా లేదా అని చెప్పడం కూడా ఆమె వంతే. ఎదురింటివాళ్ళు తమ మిద్దె మీద బట్టలు ఆరేసే నెపంతో చూసేవాళ్ళు. మొదట్లో నాకు కొంచెం సిగ్గేసింది. నాలుగో రోజుకు, వాళ్ళు రాకపోతే ఎందుకు రాలేదా అనిపించింది.

పేచీ వచ్చింది ఒక్కచోటే. చీర్ జట్ల కేకలు ప్రశ్నలూ జవాబులుగా ఉంటాయి. "ఆట ఎవరిది?" అని అడిగి ఈ పిల్ల ఆగిపోయేది.

"యాల ఆగినావు?" అన్నాను.

"జనం 'మాది' అని చెప్పాల కద తాతా."

"ఆగితే పట్టు పోతాది. ఆ 'మాది' కూడా నువ్వే చెప్పేసెయ్."

ఆ పిల్లకు నచ్చలేదు. కానీ వేలం పిలిచి వేలం పిలిచి నాకు ఖాళీ అంటేనే గుండె దడ. పక్కన కూర్చుని చిటికెలు వేస్తూ, ప్రశ్నా తనే, జవాబూ తనే, మూడు నిమిషాలు సందు లేకుండా దంచేలా తయారు చేశాను. తాత మాట కాదనలేక నా దారికి వచ్చింది. ఒక సాయంత్రం మా ఇంటామె చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి, "ఆ పిల్లకి నీ రోగం అంటించినావు. నలభై ఏండ్లు కాపరం చేస్తిని, బదులు చెప్పేదానికి నాకు ఒక్కనాడన్నా సందు ఇస్తివా?" అంది. దానికి కూడా నేను సందు ఇవ్వకుండా ఏదో జవాబు చెప్పేశాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు.

పోటీ రోజు మా అల్లుడికి పనిపడి, పిల్లతో నేను వెళ్ళాను. నేను మదనపల్లెలో ఎక్కిన బస్సు, అప్పటికే ఇంటికి వెళ్ళి ఉన్న ఆమెను పుంగనూరులో ఎక్కించుకుని పలమనేరు మీదుగా, శాంతిపురం రాళ్ళ ఫ్యాక్టరీలు దాటి కుప్పం చేరేసరికి ఎండ ముదిరింది. దారి పొడుగునా ఆమె ఊళ్ళ పేర్ల బోర్డులు తనలో తనే చదువుకుంటూ కూర్చుంది. గొంతు దాచుకుంటోందని అనుకున్నాను. కాలేజీ మైదానం ఒక పక్క సిమెంటు మెట్ల మీద రెండు వందల మంది విద్యార్థులు, తెలుగూ తమిళమూ కన్నడమూ కలిపి మాట్లాడుకుంటూ, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. ఎదురుగా రెండు జట్లు కబడ్డీ ఆడుతున్నాయి. ఒక్కొక్క పిల్లకు మూడు నిమిషాలు. ఎగిరింది, దొర్లింది సరే, ఆ మెట్ల మీదివాళ్ళ చేత అరిపించాలి, అదీ పరీక్ష. నేను పై మెట్టు చివర, కాస్త నీడ ఉన్నచోట కూర్చున్నాను. ఒక పిల్ల గాలిలో పల్టీ కొట్టింది. జనం చప్పట్లు కొట్టి మళ్ళీ ఫోన్లలోకి వెళ్ళిపోయారు.

మా పిల్ల వంతు వచ్చింది. కుచ్చులు ఎత్తి, పొట్టలోంచి గొంతు తీసింది. ఆట ఎవరిది మాది, గెలుపు ఎవరిది మాది, అని మొదలుపెడితే కబడ్డీ ఆడేవాళ్ళు కూడా తిరిగి చూశారు. అచ్చం నేను యార్డులో నడుస్తున్నట్టే ఉంది. నా రొమ్ము రెండింతలైంది. అర నిమిషం పోయింది, నిమిషం పోయింది, మెట్ల మీద ఒక్కడూ నోరు విప్పలేదు. వినడానికి బాగానే ఉందన్నట్టు వింటున్నారు. వాళ్ళకు చెప్పడానికి ఏం మిగిల్చాం? అన్నీ ఆమే చెప్పేస్తోంది. నేను నేర్పింది తప్పని ఆ మెట్టు మీద కూర్చునే తెలుసుకున్నాను. ఆ పిల్ల మూడేళ్ళ ఆశ నా చిటికెల వల్ల పోతోంది.

అప్పుడు ఆమె ఆగిపోయింది. కుచ్చులు దించి, మెట్ల వైపు రెండడుగులు వేసి, మామూలు గొంతుతో, "శాంతిపురం యాడుండాది?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. ఆ ఖాళీ నేను భరించలేకపోయాను. లేచి ఏదో ఒకటి అందించాలనిపించింది. అంతలో ఎడమ పక్కనుంచి నలుగురు మగపిల్లలు నవ్వుతూ చేతులెత్తి "ఈడ" అన్నారు. "కుప్పం యాడుండాది?" ఈసారి సగం మెట్లు లేచాయి. "పలమనేరు?" అదీ పలికింది. "పుంగనూరు?" ఇద్దరు ఆడపిల్లలు కూర్చున్నచోటే ఎగిరి పలికారు. ప్రతిసారీ అడగడం, ఆగడం, జవాబు పూర్తిగా వచ్చేదాకా ఓపిగ్గా నిలబడి ఉండడం. తర్వాత, "మదనపల్లె యాడుండాది?" అంది. ఎవరూ పలకలేదు. ఆమె ఇంకొకటి అడగలేదు. ముందుకు పోలేదు. అలాగే నిలబడి చూస్తోంది. రెండు వందల మంది చుట్టూ తలలు తిప్పి వెతుకుతున్నారు.

"ఈడుండాది" అన్నాను నేను లేచి. ఎంత గట్టిగా అన్నానంటే, కింది మెట్టు మీద పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు. అందరూ గొల్లుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. అందరి జవాబులాగే నా జవాబూ తీసుకుని, కుచ్చులు ఎత్తి, "ఆట ఎవరిది?" అని అడిగింది. "మాది" అని మెట్లన్నీ లేచాయి. వాళ్ళలో నేనూ ఉన్నాను.

సాయంత్రం చదివిన మూడు పేర్లలో ఆమెది మొదటిది. పోటీ నడిపిన మేడమ్ దగ్గరికొచ్చి, పాపకు మీరే నేర్పించారట కదా అని అడిగింది. ఒప్పేసుకోవాలని నోటిదాకా వచ్చింది. "గొంతు నేను నేర్పించినాను మేడమ్. ఆగేది ఆ పిల్ల సొంతంగా నేర్చుకునింది" అన్నాను. మా అల్లుడికి ఫోను చేసి పేరు వచ్చిందని చెప్పాను. ఇంకొకసారి చెప్పు మామా అని అడిగి, అదే మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. నా మనవరాలు నా దారి వదిలేసి గెలిచింది. నా దారిలో గెలిచి ఉంటే ఇంత గర్వపడేవాణ్ణో లేదో తెలియదు. ముప్పై రెండేళ్ళు నేను పిలుస్తూనే పోయాను. ఒకరు పిలిచి నా కోసం ఆగితే లేచి పలకడానికి నాకు అరవై నాలుగో ఏడు రావలసి వచ్చింది.