ఖాళీగా మిగిలిన టార్చి గుంట

రన్నప్ మాస్టారు ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, తిరుగుతున్న జెట్ ఇంజన్ దానంతటదే ఆరిపోతుంది. ఒట్టు. నమ్మనివాళ్లు విమానాలు బాగుచేసే ఆ హ్యాంగర్‌కి వెళ్లి ఎవర్నైనా అడగొచ్చు. ఇరవై ఏడేళ్లలో ఆయన కాల్చిన ఇంధనంతో చంద్రుడి దాకా వెళ్లి, అక్కడ కాళ్లు కడుక్కుని తిరిగి రావచ్చు. ఆయన మాత్రం జానెడెత్తు కూడా ఎగరలేదు. ఆయన పనే అది మరి: రన్నప్, అంటే బాగుచేసిన ఇంజన్‌ని విమానం నేల మీద ఉండగానే నడిపి చూడడం, ఆ విద్యను మెకానిక్‌లకు నేర్పడం.

ఇంట్లోనూ అదే వరస. పొయ్యి వెలిగించాలన్నా ఆయనకు జవాబు చెప్పుకోవాల్సిందే.

"కిటికీ తీశావా? గిన్నె సరిగ్గా నిలబడిందా?"

"ఈ పొయ్యి ఎక్కడికీ ఎగిరిపోదు గానీ, మీరు కాస్త అటు జరగండి," అనేది భార్య.

కోడలికి అలా జరగమనే అవకాశం కూడా లేదు. ఆమె అదే హ్యాంగర్‌లో మెకానిక్. ఇంట్లో ఆయన మామయ్య, అక్కడ సార్. రన్నప్ పరీక్షకు రెండుసార్లు కూర్చుంటే రెండుసార్లూ ఫెయిల్ చేసింది ఆయనే. మొదటిసారి, విమానం కింద హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడ్డ మనిషి "సరే" అనకముందే స్విచ్ మీద చెయ్యి వేసింది. రెండోసారి, వేడి చూపే ముల్లు పైకి పాకుతుంటే కంగారుపడి ఆయన వైపు చూసింది.

"డయల్ అక్కడుంటే నా మొహం చూస్తావేంటమ్మా? నా నుదుటి మీద డిగ్రీలు రాసున్నాయా?"

మూడోసారీ పోతే మళ్లీ చక్రాల గదికే. పొద్దస్తమానం టైర్లు విప్పడం, టైర్లు బిగించడం. ఆ గదిలో ఆమె ఆరేళ్లు గడిపింది. ఇక చాలనుకుంది.

మూడో పరీక్షనాడు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టించింది. నేల మీద గులకరాయి లేకుండా ఏరించింది. మాస్టారు వెనకే నడిచి, టార్చి వేసి ఇంజన్ నోట్లోకి తొంగిచూశారు. పళ్ల డాక్టరు కూడా అంత శ్రద్ధగా చూడడు.

కాక్‌పిట్‌లో కూర్చున్నాక ఆమె హెడ్‌సెట్‌లో అడిగింది: "పనిముట్ల ట్రే నిండిందా?"

ఆ ట్రేలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే ఒక గుంట ఉంటుంది. గుంటలన్నీ నిండితే తప్ప ఇంజన్ ముట్టుకోకూడదు. ఎక్కడో మరిచిన ఒక్క మరమేకు చాలు, ఇంజన్ దాన్ని మింగి తన పేగులు తానే కోసుకుంటుంది.

"ఒక గుంట ఖాళీ చెల్లెమ్మా," అన్నాడు కింద ఉన్న హెడ్‌సెట్ మనిషి. "టార్చి."

"నా దగ్గరే ఉంటుందిలే. కానివ్వు," అన్నారు పక్క సీట్లోంచి మాస్టారు.

"చూపించండి సార్."

ఆయన ఒక జేబు తడిమారు. రెండోది తడిమారు. లేని మూడో జేబు కూడా తడిమారు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిచ్చెన దగ్గర పెట్టుంటాను. పరీక్ష నీదా, నాదా? టైమైపోతోంది."

చక్రాల గది గ్రీజు వాసన అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది ఆమెకు. అయినా స్విచ్ దగ్గర్నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ గుంట నిండేదాకా ముట్టుకోను సార్. కావాలంటే ఫెయిల్ చెయ్యండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. పాపం, ఆర్పడానికి తిరుగుతున్న ఇంజనేదీ లేదు.

పది నిమిషాలకు హెడ్‌సెట్ గరగరలాడింది. "దొరికింది సార్. ఎక్కడో చెప్పమంటారా, ఊరుకోమంటారా?"

"చెప్పు."

"ఇంజన్ నోట్లోనే సార్. కింది పెదవి మీద హాయిగా పడుకుంది."

తర్వాత ఇంజన్ బుద్ధిగా నడిచింది. ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది, ఆమె చూపు ముల్లు మీదే నిలబడింది. మాస్టారు ఆమె పరీక్ష కార్డు మీద పాస్ అని రాసి సంతకం పెట్టారు, రోజూ కంటే కాస్త చిన్న అక్షరాలతో.

మధ్యాహ్నానికి ఆ సంగతికి క్యాంటీన్‌లో కాళ్లొచ్చాయి, సాయంత్రానికి రెక్కలొచ్చాయి. కోడల్ని పరీక్షించడానికి మాస్టారే కావాలని టార్చి దాచారన్నారు. ఒకటి కాదు, మూడు దాచారన్నారు. ఆయన గురువు ఆయనకు పెట్టిన పరీక్షే ఇది అన్నారు. కోడలికీ ఆ మాట నచ్చింది, మామయ్య పరువు నిలిపే మాట కదా. ఇంటికి బయల్దేరుతూ, స్కూటర్ల దగ్గర నలుగురూ వినేలా గొంతు పెంచి అడిగింది: "నన్ను పరీక్షించడానికే పెట్టారు కదా మామయ్యా?"

ఆయన హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ అన్నారు: "కాదమ్మా. తొంగిచూశాను, అక్కడ పెట్టాను, మర్చిపోయాను. రిపోర్టులో కూడా అదే రాశాను."