తెల్లపిండి మిర్చీలు

ఆ రోజుల్లో చిట్యాల రోడ్డు మీద హోటలంటే నాలుగు బల్లలు, ఒక పెద్ద కడాయి, ఆగిన ప్రతి బస్సుకూ ఎదురెళ్లే నూనె వాసన. అక్కడ మిర్చీలు వేయడం నా మొదటి కొలువు. చెప్పాల్సిన ఒక్క మాట అప్పుడు నేను మింగేయడం వల్ల మా అత్త పన్నెండేళ్లు ఇసుర్రాయి తిప్పింది. అందుకే ఈ సంగతి ఇప్పుడైనా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా మేనమామకు గోధుమ పడేది కాదు. ఒక్క పూరీ తిన్నా కడుపు పట్టుకుని నాలుగు రోజులు మంచమెక్కేవాడు. నల్లగొండ దవాఖానలో డాక్టరు “గోధుమ వాసన కూడా చూడొద్దు” అన్నాడట. (మామ దాన్ని అక్షరాలా పాటించి, పూరీలు కాల్చేచోట ముక్కు మూసుకుని నడిచేవాడు.) గొర్రెలమ్మడానికి ఏ అంగడికి పోయినా అత్త కట్టిచ్చిన జొన్నరొట్టె తప్ప మరొకటి ముట్టేవాడు కాదు. అలాంటి మనిషి నేను కొలువులో చేరిన వారానికే సద్దిమూట చంకన పెట్టుకుని వచ్చి కడాయి ముందు నిలబడ్డాడు.

“అల్లుడా, గివి దేనితోని జేస్తున్నవ్‌రా?”

“సెనగపిండి మామా. కరకరలాడనీకి ఇంత తెల్లపిండి.”

మా ఇళ్లలో తెల్లపిండి అంటే బియ్యప్పిండే.

“నూనెల పూరీలు గాల్చలే గద?”

“పూరీలు ఇంకా మొదలే వెట్టలే. నూనె గూడ కొత్తది.”

“నువ్వుండగ నాకేం ఫికర్‌రా! వెయ్యి పది.”

మామ కళ్లు మూసుకుని తింటూ, పక్క బల్లవాళ్లకు “మా అల్లుడు! నమ్మి తినొచ్చు” అని చాటుతున్నాడు. అంతలో హోటల్ సేటు వెనక నుంచి, “పూరీలకు మైదా తియ్యి బై” అన్నాడు. ఎక్కడుందని అడిగాను. “గదే, తెల్లపిండి డబ్బ! పొద్దటి సంది మిర్చీలల్ల కలుపుతలేవా?”

బస్సు హారన్లో మామకు ఆ మాట వినబడలేదు. ఆయన చేతిలో ఏడో మిర్చి ఉంది. ఆపుదామనే నోరు తెరిచాను. “చాయ్ తాగుతవా మామా?” అన్నాను.

మూడో రోజు చూడబోతే మామ మంచంలో ముడుచుకుని ఉన్నాడు. తిట్లు మాత్రం అత్తకు.

“గిర్నిల ఎవలో గోధుమలు పట్టిచ్చినంక మన జొన్నలు పోసినవ్ గదనే?”

“నీ మీద ఒట్టయ్యా! మక్కజొన్నలు పట్టినంకనే పోసిన. నువ్వు తిన్న మిర్చీలల్ల ఏముండెనో!”

“ఆడు నా అల్లుడే! నూనె సుత కొత్తది వోసిండు. ఏమ్రా?”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తలూపాను. (ఇన్నేళ్లలో నా మెడ చేసిన పాపం అదొక్కటే.) మర్నాటి నుంచి అత్త గిర్నిలో పిండి పట్టించడం మానేసి, ఇంట్లోనే ఇసుర్రాయి మీద జొన్నలు ఇసురుకుంది. నేను ఎప్పుడు వెళ్లినా ఆ రాళ్ల చప్పుడే నాకు ఎదురొచ్చేది.

చివరికి ఒకనాడు ఆమెకెదురుగా కూర్చుని ఇసుర్రాయి పిడి పట్టుకున్నాను. “అత్తా, నాడు మిర్చీలల్ల కలిపింది మైదా. మామ తింటుండంగనే నాకు ఎరుకైంది. భయపడి చెప్పలే.”

రాయి ఆగింది. “పన్నెండేండ్లురా!” అంది అత్త. తర్వాత వాకిట్లోకి కేకేసింది: “ఇగో, ఇంటున్నవా? నా పిండిల ఏం తప్పు లేదంట!”

“గట్లనా... నేనే ఉత్తగ తిట్టిన” అని మామ గొణిగాడు. మళ్లీ తనే, “రొట్టె మాత్రం గీ ఇసుర్రాయిదే మంచిగుంటదే, బంద్ వెట్టకు” అన్నాడు.

అత్త నన్ను ఎగాదిగా చూసి, జొన్నల చాట నా ముందుకు తోసి లేచింది. ముప్పైకి దగ్గరపడ్డ ఆ వయసులో మా ముగ్గురి రొట్టెలకూ నేనే ఇసిరాను. అరచేతులు బొబ్బలెక్కాక పిండి ఆమె ముందు పెట్టి, ఎప్పుడో అనాల్సిన మాట అన్నాను: “తప్పైంది అత్తా.”