మావయ్య నేర్పిన బ్లూస్

మొన్న అనకాపల్లి నుంచి చోడవరం వస్తున్న బస్సులో ఎవరిదో ఫోన్‌లో గిటార్ మోగింది. తీగను పక్కకు లాగి, స్వరాన్ని మూలిగించి వదిలే వాయింపు. దాన్ని బ్లూస్ అంటారు. పందొమ్మిది వందల యాభైల్లోనే చోడవరంలో నేనది నేర్చుకున్నానంటే పక్కసీటాయన నమ్మడు. అందుకే చెప్పలేదు.

నేర్పింది మా మావయ్య, అమ్మకు తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కలకత్తా రేవులో పనిచేస్తూ, ఒక నల్లజాతి అమెరికా సైనికుడి దగ్గర నేర్చుకున్నాడట. చివరికి ఊపిరితిత్తుల జబ్బుతో, ఒక గిటార్‌తో అమ్మమ్మ ఇంటికి చేరాడు. మేమూ అక్కడే ఉండేవాళ్లం. నాకు పద్నాలుగేళ్లు. బొటనవేలు లావు తీగల మీద ఎడ్లబండిలా ఒకే నడక నడవాలి, మిగతా వేళ్లు సన్నతీగల మీద ఏడవాలి. నా బొటనవేలేమో వేళ్లు ఎటు పోతే అటు పోయేది. ఎడమచేతి వేలికొసలు పొక్కి, అంట్లు తోముతుంటే బూడిద తగిలి భగ్గుమనేవి. "ఒసే గుంటా, తీగని బెదిరించకే, బతిమాలు" అని నవ్వేవాడు, ఆ నవ్వు దగ్గుగా మారేదాకా.

మాది క్రైస్తవ కుటుంబం. గిటార్ మీద చర్చి పాటలైతే అమ్మమ్మకు అభ్యంతరం లేదు. బ్లూస్ వినబడితే మాత్రం వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది. మా వైపు చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు, ఆమె చెవికి ఇదీ అచ్చం అలాగే ఉండేది. "బతికున్నోడి ఇంట్లో శోకాలేటే? ఆపు!" అనేది. వారం వారం చర్చికెళ్లే మనిషికి ఈ అపశకునాల భయమేమిటని మావయ్య ఆటపట్టించేవాడు. ఆమె నవ్వేది కాదు.

మావయ్య ఇక మంచం దిగలేని స్థితికి వచ్చాక, ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు. "ఒక్కపాలి వాయించే. బొటనేలు నడుస్తందో లేదో సూస్తాను." గిటార్ ఒళ్లో పెట్టుకున్నాను. గుమ్మంలో అమ్మమ్మ కళ్లతోనే వద్దని బతిమాలింది. నాకూ భయం పట్టుకుంది, నా చేత్తోనే ఆయన్ని చంపేస్తానేమోనని. చర్చి పాట వాయించాను. మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు పోయాడు. సమాధి చేసి వచ్చాక అమ్మమ్మే గిటార్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఆడు నేర్పిందే వాయించే. ఇంక భయమేటి?" అంది. వాయించాను. ఆమె రాగం తీసి ఏడ్చింది. నా బొటనవేలు మొదటిసారి ఒక్కచోట కూడా తడబడలేదు. ఇన్నేళ్లలో ఎన్నో దుఃఖాలు పాతబడిపోయాయి గానీ, ఆ మూడు రోజుల ఆలస్యం మాత్రం నాకింకా పాతబడలేదు.