ఆరు వందల గ్రాములు

తాగుడు మానేసిన మనిషితో కాపురం ఇంత కష్టంగా ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తాగేవాడితో ఎలా వేగాలో చెప్పడానికి మాత్రం అత్తగారు వచ్చింది, పక్కింటావిడ వచ్చింది, ముఖం కూడా సరిగ్గా తెలియని దూరపు పిన్నిగారు ఫోన్ చేసి మరీ గంటసేపు చెప్పింది. మానేశాక ఒక్కరూ రాలేదు. ఇంకేం, కష్టాలు తీరిపోయాయి కదా అని ఎవరి గుమ్మంలోకి వాళ్లు వెళ్లిపోయారు.

భర్త కాటాల మెకానిక్. కిరాణా కొట్లలో, మందుల షాపుల్లో, ఆసుపత్రుల్లో బరువు తూచే కాటా తప్పు చూపిస్తే విప్పి, సరిచేసి, సీసపు ముద్ర వేసి వచ్చే పని. ముద్ర మీద అతని నంబరు ఇరవైమూడు, పక్కన తేదీ ఉంటాయి. ఆరేళ్లపాటు మధ్యాహ్నం భోజనానికి ముందు ఓ క్వార్టరు వేసుకుని మరీ ఆ ముద్రలు వేశాడు. అయిదు నెలల కిందట ఒక పొద్దున, పట్టకారుతో అయిదు గ్రాముల బిళ్లని తీసి పళ్లెంలో పెట్టబోతే అది మూడుసార్లు జారి కిందపడింది. నాలుగోసారి వంగి తీయకుండా తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. వారం రోజులు మాత్రలు, వణుకు, చెమటలు. ఆ తర్వాత చుక్క ముట్టలేదు.

అక్కడిదాకా బాగానే ఉంది.

కానీ సాయంత్రం ఆరయ్యేసరికి ఆ చేతులు ఊరుకోవు. మొదటివారం గోడగడియారం విప్పాడు. తర్వాత మిక్సీ, కుక్కరు పిడి, తలుపు బందులు. ఇంట్లో ఎక్కడ అడుగు వేసినా స్క్రూ గుచ్చుకునేది. పొద్దున అయిదింటికే లేచి తూకపు రాళ్లన్నీ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు కూడా బరువేనట. అది అయ్యాక వంటింట్లోకి వచ్చేవాడు.

"పాపకి పాలపొడి కలిపే చెంచా తూచాను. ఒక్కోసారి ఒక్కోలా పడుతోంది. నువ్వు అంచుకి గీసి వేయడం లేదు."

"తాగొచ్చినప్పుడు కనీసం పడుకునేవారు," అంది ఆవిడ.

"అంటే, తాగమంటావా?"

"నోరు మూసుకోమంటున్నాను."

అలాగని అతన్ని నమ్మిందా అంటే అదీ లేదు. సాయంత్రం గుమ్మంలోకి రాగానే చేతిలో తూకపు రాళ్ల పెట్టె అందుకునే నెపంతో దగ్గరికి వెళ్లి వాసన చూసేది. అతనికి తెలుసు. పెట్టె ఇస్తూ తనే "హా" అని గాలి వదిలేవాడు. ఆ వెటకారానికి ఒళ్లు మండేది. ఒళ్లు మండుతూనే పీల్చి చూసేది.

ఇది చాలదన్నట్టు ఆదివారాలు ఇంకో పిచ్చి మొదలైంది. తాగిన రోజుల్లో తను ముద్ర వేసిన కాటాలన్నింటినీ మళ్లీ చూసి వస్తానని బయల్దేరేవాడు. ఏ కొట్టువాడికి కావాలి ఇది? బాగా పనిచేస్తున్న కాటా ముందు నిలబడి, "అప్పట్లో నేను మత్తులో చేశానండీ, ఒకసారి చూడనివ్వండి," అంటే ఎవరు సంతోషిస్తారు? ఒక కొట్టాయన నేరుగా ఇతను పనిచేసే కాటాల షాపు ఓనరుకి ఫోన్ చేశాడు. ఓనరు ఇంటికొచ్చాడు.

"ఏమయ్యా, నా షాపు పేరు గంగలో కలిపేదాకా నిద్రపోవా? నువ్వు తాగినన్నాళ్లూ ఒక్క కంప్లయింటు లేదు. మానేశాకే వస్తున్నాయి. ఇంకోచోట ఇలా నోరు జారావంటే లెక్క సెటిల్ చేసి పంపించేస్తాను." ఆవిడ వైపు తిరిగి, "నువ్వైనా చెప్పమ్మా," అన్నాడు.

చెప్పకుండా ఉంటుందా? ఆ జీతమొక్కటే ఇప్పుడు ఇంటికి ఆధారం. ఆవిడ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. పోవడం కాదు, మానుకుంది. కళ్లద్దాల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగించే పని, చేతికి నచ్చిన పని. పాపకి ఏడో నెలలో ఉన్నట్టుండి బరువు తగ్గింది. ఆ తర్వాత పెరిగినా, క్లినిక్ వాళ్లిచ్చిన కార్డు మీద ఆ వయసుకి ఉండాల్సిన బరువు చూపే గీత దాకా రాలేదు. ప్రతి నెలా క్లినిక్‌లో సిస్టర్ ఆ కార్డు చూడటం, "ఏం పెడుతున్నావమ్మా అసలు?" అనడం. అత్తగారేమో, "తల్లి ధ్యాసంతా అద్దాల మీద ఉంటే పిల్ల ఎలా పుంజుకుంటుంది?" అనేసింది. ఆ మాట ముల్లులా గుచ్చుకుపోయింది. ఉద్యోగం వదిలేసి, గిన్నె, చెంచా పట్టుకుని పాప వెనక తిరగడమే పనిగా పెట్టుకుంది. పాప ఉమ్మేస్తే ఆవిడ ఏడ్చేది. పాపకి పదిహేనో నెల వచ్చింది. గీత కిందే.

ఆ నెల బరువు చూపించడానికి తనూ వస్తానన్నాడు. తాగిన రోజుల్లో పాపని తీసుకుని క్లినిక్ గడప తొక్కిన పాపాన పోలేదు.

"రండి. కానీ అక్కడ నోరు మెదపొద్దు. రాళ్ల పెట్టె తేవద్దు. ఒట్టేయండి."

"పెట్టె తేను. ఒట్టు."

దారిలో పాప బట్టల సంచి ఆవిడ భుజం లాగేసింది.

"ఇంత బరువేంటండీ ఇది?"

"డైపర్లు ఎక్కువ పెట్టానులే."

క్లినిక్‌లో బెంచీ నిండా తల్లులు. పాపని కాటా మీద కూర్చోబెడితే చుట్టుపక్కల గోడలు అదిరేలా ఏడ్చింది. సిస్టర్ అద్దాలు సర్దుకుని చూసింది.

"ఏడు కిలోల మూడు వందలు. మళ్లీ గీత కిందేనమ్మా. ఏం పెడుతున్నావసలు?"

ఆవిడ అప్పజెప్పడం మొదలుపెట్టింది. పొద్దున పాలు, పదింటికి మెత్తగా నలిపిన బంగాళాదుంప, మధ్యాహ్నం పప్పూ అన్నం. చెబుతూ చెబుతూ భర్త వైపు చూసి ఆగిపోయింది. అతను వంగి కాటా అడుగున చూస్తున్నాడు. లేచేసరికి ముఖంలో నెత్తురు లేదు. బీరువా వెనక దాచిన సీసా దొరికిన రోజున ఇదే ముఖం. ఆవిడ అతని మోచెయ్యి గిల్లింది. ఇవాళ వద్దు, ఇక్కడ వద్దు, ఆ ఉద్యోగం కూడా పోగొట్టకండి అని.

"సిస్టర్, ఒక్క నిమిషం," అన్నాడతను.

సంచిలోంచి డైపర్లు తీసి పక్కన పెట్టాడు. వాటి కింద గుడ్డలో చుట్టిన అయిదు కిలోల రాయి. పెట్టె తేనన్నాడు, తేలేదు. రాయి మాత్రం తెచ్చాడు. గుడ్డతోనే పట్టుకుని కాటా మీద పెట్టాడు.

నాలుగు కిలోల ఆరు వందలు.

సిస్టర్ కాటావైపు చూసి, "రాయి అరిగిందేమో," అంది.

"రాయి సరైనదే. కాటా తప్పు. ఎనిమిది నెలల కిందట నేనే బాగుచేశాను. అడుగున చూడండి, నా నంబరే. ఆ రోజు నేను తాగి ఉన్నాను."

బెంచీ మీద తల్లులంతా తమ చేతుల్లోని కార్డులు విప్పుకున్నారు.

"ఓరి నాయనో," అంది సిస్టర్. "ఈ ఎనిమిది నెలలూ ఈ బెంచీ మీద కూర్చున్న ప్రతి తల్లినీ తిట్టాను కదయ్యా! ఈ వీధి పిల్లలంతా సన్నమేమిటా అని పైకి రిపోర్టు కూడా రాశాను!"

"మందులూ ఈ బరువు చూసే ఇచ్చి ఉంటారు. పిల్లలందరినీ మళ్లీ పిలిపించండి. దీన్ని నేను ముట్టుకోను. తప్పు చేసినవాడే మళ్లీ ముద్ర వేయకూడదు. ఇంకొకర్ని పంపమని మా ఓనరుకి ఇప్పుడే చెబుతాను."

అతను ఫోన్ తీసేలోగా ఆవిడ మనసులో లెక్క కట్టేసింది. అయిదుకి నాలుగు ఆరైతే, ఏడు మూడుకి ఎంత? ఏడు తొమ్మిది. కార్డు లాక్కుని వేలితో వెతికింది. గీత పైన. కొంచెమే, కానీ పైన. ఎప్పుడూ పైనే ఉంది.

సంతోషం రావాలి కదా? కోపం వచ్చింది. ఎంత కోపమంటే, కళ్ల ముందు బెంచీ కనబడలేదు.

ఫోన్లో ఓనరు అరుపులు అందరికీ వినబడ్డాయి. "రేపు షాపుకొచ్చి కనబడు, తేలుస్తాను," అని పెట్టేశాడు.

ఇంటికి నడుస్తుంటే పాప అతని భుజం మీద నిద్రపోయింది. సగం దూరం వచ్చాక అతనే అన్నాడు.

"తిట్టు."

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు? గొంతులో చెంచాలు కుక్కానే దాని చేత తినిపించాలని! మీ అమ్మగారు అన్న మాటలకి నా పని వదులుకున్నానే! మీ క్వార్టరు బరువు నా నెత్తిన పెట్టి ఎనిమిది నెలలు తిప్పారండీ!"

"నిజమే."

"నిజమే అనకండి! ఎదురు చెప్పండి! అదీ మానేశారా?"

మునుపైతే తలుపు ధడాలున వేసి బయటికి పోయేవాడు. ఇప్పుడు పాపని సర్దుకుని పక్కనే నడుస్తున్నాడు. ఆవిడ అరుపుకి ఎదురు తగిలేది ఏదీ దొరకలేదు. అదే ఇంకా విసుగ్గా ఉంది.

గుమ్మం దగ్గర అతను నేరుగా అన్నాడు. "నేను ఎవరికీ చెప్పకుండా కాటా సరిచేసి, ముద్ర మార్చేసి ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలిసేది. మీ ముఖం చూశాను."

లోపలికి వెళ్లి గిన్నె, చెంచా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"పాప లేచాక బంగాళాదుంప పెట్టండి. మూడు ముద్దలకి ముఖం తిప్పేస్తే ఆపేయండి, వెంటపడొద్దు. తూచొద్దు. స్క్రూలన్నీ అలమారా పైన పెట్టండి, నోట్లో పెట్టుకుంటుంది."

"నువ్వెక్కడికి?"

"కళ్లద్దాల షాపుకి. నా కుర్చీలో ఇంకెవరైనా కూర్చున్నారో లేదో కనుక్కుంటాను. రేపు మీ ఓనరు ఏమంటాడో ఎవరికి తెలుసు?"

చెప్పులు వేసుకుని రెండు మెట్లు దిగింది. ఆగింది. పాపని ఒంటరిగా అతని చేతుల్లో వదలడం ఇదే మొదటిసారి. వెనక్కి ఎక్కి, అతని ముఖం దగ్గరికి వంగింది.

అతను "హా" అన్నాడు. ఈసారి వెటకారం లేదు.

ఏమీ లేదు, కాస్త పళ్లపేస్టు వాసన తప్ప. అయినా ఇంకోసారి పీల్చి చూసి, మెట్లు దిగింది.