మా అత్తమ్మ నోటి మీద బీప్

టీవీలో అత్తాకోడళ్ల వంటల పోటీకి మమ్మల్ని పిలిచినప్పుడు నాకంటే మా అత్తమ్మకే సంబరం ఎక్కువ. పెనుబల్లిలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒకటే జాగ్రత్తలు. "నేనేమన్న నోరు జారితే నన్ను గిల్లు" అని నాకు డ్యూటీ కూడా వేసింది. తన నోటి సంగతి తనకు తెలుసు. పొయ్యిని తిడుతుంది, కోళ్లను తిడుతుంది, కరెంటు పోతే కరెంటును తిడుతుంది. మనుషులను మాత్రం ఒక్క మాట అనదు. అందుకే మా ఊళ్లో ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు పడకపోయినా సర్దిచెప్పడానికి ఆమెనే పిలిచేవాళ్లు. ఆ పెద్దరికమంటే ఆమెకు ప్రాణం.

షూటింగులో గోంగూర అడుగంటింది. "దీని మొహం మండ!" అని స్టవ్‌ను తిట్టింది. నేను గిల్లాను. ఇంతలో యాంకరు మైకు పట్టుకొని వచ్చి, "మీ కోడలి గురించి ఒక్క మాటలో చెప్పండమ్మా" అంది. అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇదా? ఇది మనిషి కాదు బిడ్డా" అని, వెంటనే మా ఇంట్లో ఉన్న ట్రాక్టరు కంపెనీ పేరు చెప్పింది. సెట్టంతా ఘొల్లున నవ్వింది. తల వంచుకొని నేనూ నవ్వాను గానీ లోపల చురుక్కుమంది. మెచ్చుకోవడానికి ఇంకేమీ దొరకనట్టు దుక్కి దున్నే బండితో పోలుస్తుందా అనుకున్నాను. పోటీలో ఓడిపోయి, ఒక పెనం పుచ్చుకొని ఇంటికొచ్చాం.

ప్రోగ్రాం వచ్చిన ఆదివారం మా ముందుగది నిండా ఆడవాళ్లే. "దీని మొహం మండ" ఒక్క అక్షరం పోకుండా వినపడింది. తర్వాత అత్తమ్మ ముఖం దగ్గరగా చూపించారు. "ఇది మనిషి కాదు బిడ్డా..." బీఈఈప్! పైగా ఆమె నోటి మీద గళ్లుగళ్లుగా మసక. ఆ వెంటనే నన్ను చూపించారు. తల వంచుకొని ఉన్నాను, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతున్నానని నాకు తెలుసు. చూసేవాళ్లకు మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తున్నట్టే ఉంది.

గదిలో ఆడవాళ్లంతా టీవీని వదిలి నా వైపు తిరిగారు. మర్నాడు నేను చానల్ వాళ్లకు ఫోన్ చేసి అడిగితే, ప్రకటన ఇవ్వని కంపెనీ పేరు వినపడకూడదని తాపీగా చెప్పారు. తిట్టుకు లేని రూలు ట్రాక్టరుకు ఉందన్నమాట!

ఆ సంగతి ఊళ్లో చెబితే ఒక్కరు నమ్మితే ఒట్టు. "నువ్వు మంచిదానివి గనుక కప్పిపెడుతున్నవ్ కోడలా. మేమేమన్న చెవిటోళ్లమా?" అంది పక్కింటావిడ. వినపడని మాటను విన్నవాళ్లతో ఏమని వాదించాలి? ఇంకొకామె నన్ను పక్కకు పిలిచి, చెవిలో రెండు తిట్లు చెప్పి, "గీ రెండిట్ల ఏది?" అని అడిగింది. ఆ రెండూ నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వినడం.

ఆ వారమే మా వీధిలో ఒక అత్తాకోడళ్లు గొడవపడ్డారు. సర్దిచెప్పడానికి ఇంకెవరినో పిలిచారు. అత్తమ్మ వరండాలో కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తూ ఆ ఇంటివైపే చూసింది. "నా మాటకు ఇలువ లేకుంట పోయింది" అంది చివరికి. రెండు రోజులు కోళ్లను కూడా తిట్టలేదు. నాకు నిజంగా భయమేసింది.

మూడోనాడు మహిళా సంఘం మీటింగు మా వరండాలోనే. మీటింగు కాగానే అత్తమ్మ లేచి, అందరినీ పెరట్లో రేకుల షెడ్డు కిందికి తీసుకుపోయింది. ట్రాక్టరు మీద చెయ్యేసి, కంపెనీ పేరు చూపించింది.

"చదువుండ్రి. నేనన్నది గిదే."

వాళ్లు చదివారు. పక్కింటావిడ మెత్తబడలేదు. "అయితే మాత్రం? కోడల్ని పట్టుకొని ట్రాక్టరంటరా ఎవరన్న?"

నా మనసులో మాట ఆమే అడిగింది. నేను కూడా అత్తమ్మ ముఖం వైపు చూశాను.

"ఎందుకనరు?" అంది అత్తమ్మ. "మా ఇంటాయన కాలంజేసిన సంవత్సరమే ఎడ్లను అమ్మేసినం. కొడుకేమో ఖమ్మంల నౌకరి. భూమి కౌలుకిచ్చి మూలకు కూసుందమనుకున్న. గప్పుడు గీ ట్రాక్టరొచ్చింది. దీన్ని నడపనీకి గీ పిల్ల నేర్చుకున్నది. ఇంట్ల కాలుపెట్టి ఏడాది కూడ కాలే. పుట్టింటికి పోత అంటే నేనాపుతనా? పోలే. నా ఇల్లు నిలబెట్టినయి రెండే. గిదొకటి, అదొకటి."

వెనక నుంచి ఎవరో, "మరి టీవీల గట్లనే చెప్పొచ్చు గద పెద్దమ్మా!" అన్నారు.

"ఒక్క మాటల చెప్పమన్నది ఆ మైకు పిల్ల. ఒక్క మాటల చెప్పిన!"

అందరూ ఒకటే నవ్వు. పక్కింటావిడ కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బీప్‌లో ఏదో విన్నారని వారం నుంచీ ఊరిని తిట్టుకుంటున్నాను. బీప్ లేకుండా, ఆమె పక్కనే నిలబడి విన్నదాన్ని నేను. ఊరికంటే తప్పుగా విన్నాను. అందరి ముందే భోరుమని ఏడ్చేశాను, సిగ్గు కూడా వేయలేదు.